తపసుమాను దిగని అర్జునుడు

మానెక్కుతున్నది మునికుమార్ కాదని, ఆ మనిషి సగం పైకి పోయాక గానీ నాకు తెలియలేదు. అది కూడా చూసి కాదు, విని. మొదటి పద్యం ఎత్తుకోగానే నా చేతిలోని మజ్జిగ గ్లాసు జారి పక్కామె ఒళ్ళో పడింది. ఆ గొంతుతో నేను నలభై ఏళ్ళకు పైగా కాపురం చేస్తున్నాను. నిద్రలో దగ్గినా గుర్తుపడతాను. తలమీద కిరీటం, మొహం నిండా రంగు, భుజాన విల్లుతో ఆకాశంలో వేలాడుతున్న ఆ అర్జునుడు నా మొగుడు దొరస్వామి. వచ్చే ఏడాదికి ఆయనకు డెబ్భై నిండుతాయి.

మా చిత్తూరు పక్క ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అన్నిటికంటే పెద్దది అర్జునుడి తపస్సు రోజు. ఊరి బయట మైదానంలో పెద్ద తాటిమాను నాటి, ఎక్కడానికి వీలుగా అడ్డకొయ్యలు కొట్టి, కొనన ఒక మనిషి కూర్చునేంత పీట కడతారు. అదే తపసుమాను. అర్జునుడి వేషగాడు మిట్టమధ్యాహ్నం, కటిక ఉపవాసంతో, పద్యాలు పాడుతూ దాన్నెక్కాలి. పైన కూర్చుని శివుణ్ణి వేడుకోవాలి. విభూతి, నిమ్మకాయలు, పూలు కిందికి విసరాలి. బిడ్డల్లేని ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుని చేతులు చాపి ఉంటారు. చేతిలో పువ్వు పడితే కడుపు పండుతుందని నమ్మకం. అర్జునుడు దిగి నేలమీద కాలు పెట్టేదాకా వాళ్ళు లేవకూడదు. లేస్తే మొక్కు చెడినట్టే.

నేను చేసుకున్నదే అర్జునుణ్ణి. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు కూడా ఆయన చెవుల వెనక రంగు పూర్తిగా పోలేదు. ఎండాకాలం ఊరూరా భారతం, మిగతా రోజుల్లో టమోటా తోట. పూతలపట్టు చుట్టుపక్కల ఆయన ఎక్కని మాను లేదు. ఉద్యోగస్థులకైతే ఒక వయసు రాగానే దండ వేసి, శాలువా కప్పి, ఇంటికి పంపిస్తారు. అర్జునుడు ఏ వయసులో ఇంటికి పోవాలో ఎవరూ రాసిపెట్టలేదు. ధర్మరాజు వేసే మునిరామయ్యకు మోకాళ్ళు పోతే కుర్చీలో కూర్చుని ధర్మం చెబుతున్నాడు. భీముడికి పొట్ట పెరిగితే జనానికి మరీ సంతోషం. అర్జునుడు మాత్రం ఎక్కాల్సిందే.

పోయిన ఏడాది దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టేసింది. సగం దూరం మానును కరుచుకుని జారుతూ వచ్చాడు. తొడలు రెండూ దోక్కుపోయాయి. తిరుపతిలో డాక్టరు మోకాలి ఫోటో చూసి, పెద్దాయనా, ఇకమీదట మేడమెట్లు కూడా ఆలోచించి ఎక్కండి అన్నాడు. శ్రీ సిటీలో పనిచేసే మా అబ్బాయి మునిప్రసాద్, "నాయనా, ఇంక సాలు. ఇంట్లో కూసోని మనవరాలో మనవడో పుడితే ఆడించు" అన్నాడు. ఆ మాట అనేసి పెళ్ళాం వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. వాళ్ళకు పెళ్ళయి ఏళ్ళవుతున్నా పిల్లల్లేరు. ఆ రాత్రే మా ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి, "నీ మీదొట్టు వసంతా, ఇంక మానెక్కను" అన్నాడు. చలికాలమంతా తన చెల్లెలి కొడుకు మునికుమార్‌ను కూర్చోబెట్టుకుని పద్యాలన్నీ నేర్పాడు. వాడు ఇరవై ఎనిమిదేళ్ళ వాడు, ఉడుతలాగ ఎక్కుతాడు. నేను ద్రౌపదమ్మకు పొంగలి కూడా పెట్టుకున్నాను, పీడ వదిలిందని.

ఈ రోజు పొద్దున కూడా నాతో అబద్ధమే చెప్పాడు. "నేను హార్మోనియం కాడ కూసోనుంటా. నువ్వు ఎండలో నిలబడొద్దు, పందిట్లో కూసో." వేషాలు కట్టే చోటికి ఆడవాళ్ళం పోకూడదు. కాబట్టి డప్పులతో, గొడుగు పట్టి అర్జునుణ్ణి తీసుకొచ్చినప్పుడు మునికుమారే అనుకుని అందరితో పాటు దణ్ణం పెట్టాను. కట్టుకున్న మొగుడికి, పరాయి వేషగాడనుకుని దణ్ణం పెట్టాను. 

"దింపండి! ఎవుర్రా ఆయప్పను ఎక్కించింది?" అని అరుస్తూ జనాన్ని తోసుకుని మాను దగ్గరికి పోయాను. డప్పుల్లో నా అరుపు నాకే వినబడలేదు. మాను చుట్టూ తడిచీరల ఆడవాళ్ళు వరుసగా పడుకుని ఉన్నారు. వాళ్ళ మధ్యనుంచి దాటుకుంటూ పోబోయి ఆగిపోయాను. ముందు వరుసలో, మానుకు మూరెడు దూరంలో, పసుపురంగు చీరలో బోర్లా పడుకున్న పిల్లది మా కోడలు రూపశ్రీ.

రూపశ్రీ ఏర్పేడు దగ్గర కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. మంత్రాలూ మొక్కులూ అంటే నవ్వే రకం. నేను తాయెత్తు కట్టించుకొస్తే దాన్ని బీరువాలో పెట్టి మర్చిపోయింది. అట్లాంటిది మట్టిలో మొహం పెట్టి పడుకుని ఉంది. వంగి ఆ పిల్ల తల పక్కన కూర్చున్నాను.

"రూపా, ఏందిది?"

తల ఎత్తలేదు. "అరవొద్దత్తా. నీకు దణ్ణం పెడతా."

"ఆపీసుకు పోతాండా అన్నావే!"

"సెలవు పెట్టినా."

"పైన ఎవురుండారో తెలుసా నీకు?"

 మట్టిలోకే మాట్లాడింది. "తెలుసు. నేనే అడిగినా. మందులు అయిపోయినాయి, సూదులు అయిపోయినాయి. ఇంకేం మిగిలిందత్తా? పోయిన ఏడు మామ ఏసిన పువ్వు పడినామెకు బిడ్డ పుట్టినాడంట. నీ చేత్తోనే ఏయాల మామా అన్నా. ఒక్క మాట ఎదురు సెప్పలే."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. నాకు చేసిన ఒట్టు ఏమైందని ఆయన మీద, ఆ మోకాలి సంగతి తెలిసీ అడిగావా అని ఈ పిల్ల మీద. కానీ తడిచీరలో ఆ వీపు వణుకుతుంటే చూసి ఒక్క తిట్టు కూడా నోటికి రాలేదు. ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. ఇద్దరి మీదా నాకు జాలే మిగిలింది.

ఇంతలో ఆయన పీట చేరుకున్నాడు. జనం గోవిందా అని కేక పెట్టారు. చెప్పకూడదు గానీ, ఆ వయసులో ఆ గొంతు అంతెత్తునుంచి మైదానమంతా కమ్ముకుంటుంటే నాకూ ఒళ్ళు జలదరించింది. పద్యాలన్నీ పాడాడు. విభూతి చల్లాడు. నిమ్మకాయలు విసిరాడు. చివరికి నడుముకు కట్టుకున్న సంచిలోంచి పూలు తీసి నాలుగు దిక్కులా వేశాడు. ఒక పచ్చ చామంతి గాలికి తిరుగుతూ వచ్చి తిన్నగా రూపశ్రీ దోసిట్లో పడింది. ఆ పిల్ల గుప్పిట బిగించింది. నా నోటివెంట నాకు తెలియకుండానే గోవిందా అని వచ్చింది.

పూలు వేశాక అర్జునుడు దిగాలి. అదీ పద్ధతి. ఆయన దిగలేదు. మళ్ళీ మొదటి పద్యం ఎత్తుకున్నాడు.

జనం సంతోషంతో ఊగిపోయారు. ఇంతకు ముందు ఏ అర్జునుడూ రెండోసారి పాడలేదు. భారతం జరిపించే పెద్దమనిషి దేవరాజులు మైకు అందుకుని, "భక్తులారా, అర్జునుడి తపస్సు చూడండి! మన ఊరి భాగ్యం చూడండి!" అని ఊదరగొట్టాడు. నేను మాత్రం ఆయన కాలు చూస్తున్నాను. కుడికాలు మడిచి ఉంది. ఎడమకాలు కర్రలాగ బిగుసుకుని పీట బయటికి చాచుకుని ఉంది. రెండు చేతులూ నమస్కారంలో లేవు. ఒకటి మాను కొనను పట్టుకుని ఉంది. ఆయన తపస్సు చేయడం లేదు. ఇరుక్కుపోయాడు.

దేవరాజులు దగ్గరికి పరిగెత్తాను. "అన్నా, ఆయప్ప మోకాలు పట్టేసింది. ఎవురినైనా పంపించి దించండి."

"ఏం మాటలు వసంతమ్మా అవి! ఇంతసేపు కూసున్న అర్జునుణ్ణి యా ఊర్లోనన్నా సూసినావా? అమ్మవారు పలకతా ఉండాది."

"అమ్మవారు కాదు, మోకాలు! పాడిన పద్యమే పాడతా ఉండాడు, వినపళ్ళేదా?"

"తపస్సును మనిషి చెరపకూడదమ్మా. ఊరికి అరిష్టం. కింద ఇంతమంది ఆడబిడ్డలు పడుకోనుండారు, వాళ్ళ మొక్కు ఏం కావాల? అర్జునుడు తనంతట తాను దిగాల." అని మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

నేను అరవొచ్చు. నా గొంతు చిన్నదేమీ కాదు. తోటలో నిలబడి అరిస్తే రోడ్డుమీద పోయే లారీ ఆగుతుంది. కానీ ఆ పసుపుచీర కనబడి నోరు పడిపోయింది. తపస్సు చెడిపోతే ఆ గుప్పిట్లో చామంతి వట్టి చామంతే. సూది పొడిపించుకుని వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల బాత్రూంలో నీళ్ళు వదిలిపెట్టి ఏడవడం నేను తలుపు ఇవతల నిలబడి విన్నాను. అరిస్తే ఆ పిల్ల ఆశ పోతుంది, అరవకపోతే మొగుడు పోతాడు. ద్రౌపదమ్మ నన్ను అట్లా నడిమైదానంలో నిలబెట్టింది. ఆమెకు అయిదుగురు మొగుళ్ళు కాబట్టి నా బాధ తెలియలేదేమో అనుకున్నాను. ఆ ఎండలో నాకు అట్లాంటి పాడు ఆలోచనలే వచ్చాయి.

మూడోసారి పద్యం సగంలో గొంతు ఆగిపోయింది. డప్పులు కూడా ఆగాయి. సమాధిలోకి పోయినాడు, అని నా వెనకాల ఎవరో లెంపలు వేసుకున్నారు. ఆయన తల ముందుకు వాలి, కిరీటం పక్కకు జరిగింది.

అప్పుడు రూపశ్రీ తల ఎత్తింది. పైకి చూసింది. చూసి, లేచి నిలబడింది.

మైదానమంతా ఒక్కసారిగా హా అంది. పడుకున్న ఆడవాళ్ళలో ఒకామె, "ఓ యమ్మా! పువ్వు పడినాక లేసిందే ఈ పాపిష్టిది! పడుకోవే!" అని కాలు పట్టి లాగింది. రూపశ్రీ కాలు విడిపించుకుంది. గుప్పిట వదులైపోయి చామంతి మట్టిలో పడింది. కనీసం దానివైపు చూడలేదు.

"మామా! కదలొద్దు మామా! మనిషిని పంపిస్తాండాం! గట్టిగా పట్టుకో!"

అంతవరకూ నా కాళ్ళను ఎవరు కట్టేశారో గానీ, ఆ అరుపుతో విడిపోయాయి. ఆడవాళ్ళు పోకూడని వేషాల పందిట్లోకి తెర పక్కకు లాగి దూరాను. మునికుమార్ ఒళ్ళంతా నీలం పూసుకుని, పులిచారల గుడ్డ చుట్టుకుని, మెడలో రబ్బరు పాముతో శివుడై కూర్చున్నాడు. అర్జునుడు దిగాక వరమిచ్చే వేషం ఈసారి వాడికి అంటగట్టినట్టున్నారు. నన్ను చూసి శివుడు లేచి నిలబడ్డాడు.

"అత్తా, మామే బలవంతం సేసి కిరీటం తీసుకున్నాడు, నా తప్పు—"

"పొయ్యి మానెక్కు. మామను దించు."

"నేను శివుడి వేషంలో ఉండా! శివుడు మానెక్కేది కథలో యాడా లేదత్తా."

"యాడా లేకపోతే ఈడ ఉండాది. ఎక్కురా!" అని త్రిశూలం లాగి అవతల పారేసి, వాడి జబ్బ పట్టుకుని మైదానంలోకి ఈడ్చుకొచ్చాను.

ఆ తర్వాత జరిగింది నేను ఇంకా నమ్మలేకపోతున్నాను. నీలం శివుడు మాను ఎక్కుతుంటే జనానికి పిచ్చెక్కిపోయింది. భక్తుడి కోసం సాక్షాత్తూ దేవుడే కదిలాడని ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, మూర్ఛపోయినవాళ్ళు పోయారు. దేవరాజులు మైకు పారేసి నేలమీద సాగిలపడ్డాడు. మునికుమార్ పైకి పోయి, తన పులిచారల గుడ్డ విప్పి మామను వీపుకు కట్టుకున్నాడు. లోపల నిక్కరు ఉంది కాబట్టి శివుడి మర్యాద దక్కింది. ఒక్కో కొయ్యా వెతుక్కుంటూ దిగాడు. ఒకచోట పాదం జారింది. నేను కళ్ళు మూసుకోలేదు. రూపశ్రీ నా చెయ్యి పట్టుకుంది. గాజు పగిలి గుచ్చుకున్నట్టుంది, ఇద్దరికీ తెలియలేదు.

వేషాల పందిట్లో చాపమీద పడుకోబెట్టి మొహం మీద నీళ్ళు చల్లాం. రంగు కరిగి కారుతుంటే కింద ముసలాయన బయటపడ్డాడు. కళ్ళు తెరిచి నన్ను చూసి భయపడ్డాడు. భయపడాలి కూడా.

"ఒట్టు పెట్టినావు నాకు."

"పెట్టినా." పెదవులు ఎండిపోయి మాట సరిగా రావడంలేదు. "కాలు పట్టేసినా జారుకుంటా వచ్చేద్దామనుకున్నా వసంతా. పోయిన ఏడు అట్లనే వచ్చినా గదా. కిందికి సూసినా. కాళ్ళ కిందనే ఆడోళ్ళు పడుకోనుండారు. రూప ఉండాది. పట్టు తప్పితే పడేది ఆ బిడ్డ మీదనే. భయమేసింది. ఇన్నేండ్లలో ఎప్పుడూ లేదు, మొదటిసారి భయమేసింది. నేను దిగితేగానీ వాళ్ళు లేయరు. వాళ్ళు లేస్తేగానీ నేను దిగలేను. ఏం సేయాలో తెలీక పాడినా."

 మైదానమంతా గోవిందా కొట్టింది ఆ భయానికి. రూపశ్రీ ఆయన పాదాల దగ్గర కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఆయన ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, "పువ్వు పోయిందా అమ్మా?" అన్నాడు. "పోనీ మామా" అంది. 

అప్పుడే తెర తొలగించుకుని దేవరాజులు వచ్చాడు. వెనక ఊళ్ళో సగం మంది ఉన్నారు. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో తమలపాకులు, వక్కలు, పంచె. మా పక్క వేషగాళ్ళతో వచ్చే యేటి ఒప్పందం తాంబూలంతోనే జరుగుతుంది. ఆకు నోట్లో పెట్టుకున్నాక మాట వెనక్కి పోదు.

"దొరస్వామీ, వచ్చే ఏడు కూడా నువ్వే. ఇట్లనే పాడాల, ఇట్లనే సమాధిలోకి పోవాల, శివుడు ఇట్లనే ఎక్కాల. పక్క ఊర్లోళ్ళు ఇప్పుడే అడగతా ఉండారు. నువ్వు ఉన్నన్నాళ్ళూ మా ఊరి అర్జునుడు ఇంకొకడు లేడు."

మా ఆయన మోచేతిమీద లేచాడు. "దేవరాజులూ, అది సమాధి కాదప్పా. మోకాలు పట్టేసింది. భయపడి గట్టిగా పట్టుకోని కూసున్నా. నాతో కాదు ఇంక."

దేవరాజులు కళ్ళు తడయ్యాయి. వెనక్కి తిరిగి జనంతో, "విన్నారా? ఎంత సేసినా గర్వం లేదు మహానుభావుడికి" అన్నాడు. ముందు నిలబడ్డవాళ్ళు వంగి ఆయన పట్టేసిన మోకాలికే దణ్ణం పెట్టారు. నిజం చెప్పినా నమ్మనివాళ్ళకు ఇంకేం చెబుతాం? పళ్ళెం ఆయన ఒళ్ళోకి వచ్చేసింది. ఆయన చెయ్యి ఆకు వైపు పోయింది. కాదనడం ఆ చేతికి ఈ జన్మలో అలవాటు లేదు.

నేను పళ్ళెం లాక్కున్నాను. ఆకు తీసి, వక్క పెట్టి, మడిచి, అందరూ చూస్తుండగా నా నోట్లో పెట్టుకుని నమిలాను.

 శివుడు నోరు తెరిచాడు.

"తాంబూలం నేను తీసుకున్నా" అన్నాను. "మాటంటే మాటే. వచ్చే ఏడు ఈ ఊర్లో మానెక్కేది నేను."

"వసంతమ్మా! ఆడది తపసుమాను ఎక్కేదా! ఊరు ఏమైపోతుంది!" దేవరాజులు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"మోకాలు లేని మొగోడు ఎక్కితే ఏమీ కాదు, మోకాళ్ళుండే ఆడది ఎక్కితే ఊరు పోతుందా? అయితే నువ్వే సెప్పు, ఎవురు ఎక్కాల?"

అతను నా వైపు, మా ఆయన వైపు, పళ్ళెం వైపు చూశాడు. చివరికి అతని చూపు నిక్కరుతో నిలబడ్డ మునికుమార్ మీదికి పోయింది. "వాడే... వాడే ఎక్కుతాడు లేమ్మా. నువ్వు మాత్రం ఆ మాట మళ్ళా అనొద్దు." అందరూ ఒకరినొకరు తోసుకుంటూ బయటికి పోయారు. వాళ్ళ మొహాల్లో తపస్సు చూసినప్పటికంటే ఎక్కువ దిగ్భ్రమ ఉంది.

గెలిచాననుకున్నాను. మా ఆయన వైపు తిరిగాను, ఇంటికి పోదాం లే అందామని. ఆయన కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. దాని అంచుకు అంటిన విభూతిని వేలితో తుడుస్తున్నాడు. కోపం లేదు. తలెత్తి నన్ను అడిగాడు, నిజంగానే తెలియక అడిగినట్టు.

"మరి నేనేం సేసేది వసంతా, వచ్చే ఎండాకాలం?"

 ఆకు నోట్లోనే ఉంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. ఆయన బదులు కోసం నా మొహంలోకే చూస్తూ ఉన్నాడు.